కాదనడం నేర్పిన గది

ఇంగ్లీషు తరగతిలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన పాఠం, ఎదుటివారి మాటను మర్యాదగా కాదనడం. అడగడం, ఒప్పుకోవడం, సలహా చెప్పడం, కాదనడం వంటి పనులకు వాడే వాక్యాలను పాఠ్యపుస్తకం పట్టికగా ఇస్తుంది. మా డిగ్రీ విద్యార్థులు దాన్ని చక్కగా అప్పజెబుతారు. బృందచర్చలో కూర్చోబెడితే మాత్రం ‘నో’ అని ఆగిపోతారు.

అందుకే 1957 నాటి ఇంగ్లీషు సినిమా ‘ట్వెల్వ్ యాంగ్రీ మెన్’ ఎంచుకున్నాను. హత్య కేసు తేల్చవలసిన పన్నెండు మంది జ్యూరీ సభ్యులు (నిందితుడు దోషో కాదో తేల్చే మామూలు పౌరులు) దాదాపు సినిమా అంతా ఒకే గదిలో వాదించుకుంటారు. మొదటి ఓటింగులో నిందితుడైన కుర్రవాడు దోషి అని పదకొండు మంది అంటే, నటుడు హెన్రీ ఫోండా వేసిన సభ్యుడి పాత్ర ఒక్కటే కాదంటుంది.

రెండు మూడు నిమిషాల ముక్కలే చూపించాను. ముందు శబ్దం లేకుండా వేసి, ఎవరు ఒప్పిస్తున్నారో, ఎవరు అడ్డు తగులుతున్నారో ఊహించమన్నాను. తర్వాత శబ్దంతో వేస్తే, ఒకరి మాట మీద ఒకరు పడే ఆ వేగం పిల్లల చెవికి అందలేదు. సంభాషణను కాగితం మీద రాసి, కాదన్న చోటల్లా ఖాళీలు వదిలి పంచాక పాఠం కదిలింది. కత్తి గురించిన వాదనలో ఫోండా ‘పాసిబుల్’ అనే మాటను పట్టుకుని, ఇలా కూడా జరిగి ఉండవచ్చు కదా అంటాడు. అలాంటి మాటలన్నీ ఏరి పిల్లలే పట్టిక తయారు చేశారు. పట్టిక చివర్లో పుట్టాలి, మొదట్లో ఇవ్వకూడదని నా గట్టి నమ్మకం.

నాకు ఎంతో ఇష్టమైన ముక్క ఇంకొకటుంది. నిందితుడికి ఇంగ్లీషు సరిగా రాదని ఈసడించే సభ్యుడు ఆ వాక్యంలోనే ‘డజంట్’ బదులు ‘డోంట్’ అంటాడు. వేరే దేశం నుంచి వలస వచ్చిన గడియారాల పనివాడు దాన్ని నెమ్మదిగా సరిదిద్దుతాడు. తరగతి ఘొల్లుమంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చి, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి ఆ పాత్ర తాను చేస్తానని లేచింది.

ఆ తర్వాత సన్నివేశాన్ని హాస్టల్ మెస్‌కు మార్చాం. ఛార్జీల పెంపును మొదట స్నేహితుడి దగ్గర, తర్వాత వార్డెన్ దగ్గర కాదనాలి. స్నేహితుడితో సరిపోయిన వాక్యాలు వార్డెన్ ముందు దురుసుగా వినిపించాయని పిల్లలే పట్టుకుని, తిరగరాశారు. అర్థం అదే ఉంచి, ముందొక ఒప్పుకోలు, తర్వాత ఒక ప్రశ్న చేర్చారు.

రాతపరీక్షలో ఇప్పటికీ ఖాళీలు పూరించే ప్రశ్నలే వస్తున్నాయి, వాటినీ సాధన చేయిస్తున్నాను. నా చేతిలో ఉన్న అంతర్గత మార్కులు మాత్రం ఈ వాదనలకే ఇస్తున్నాను.