కిట్‌కాట్‌లు జేబులో వేసుకున్న మాస్టారు

మన ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకి ఇష్టపడి వచ్చినవాళ్ళు మా బ్యాచ్‌లో తక్కువే. పదో తరగతి బొటాబొటీగా గట్టెక్కి, ఇంటర్ చదివించే స్తోమత ఇంట్లో లేక, రెండేళ్ళలో చేతికి ఏదో ఒక పని వస్తుందని పంపితే వచ్చినవాళ్ళమే ఎక్కువ. బడిలో చివరి బెంచీకి అలవాటుపడి, పాఠం అనేది మనకోసం చెప్పేది కాదని తీర్మానించుకున్న కుర్రాళ్ళం. అలాంటివాళ్ళని రెండేళ్ళు క్లాసులో నిలబెట్టడం మాటలు కాదు. మా ఎలక్ట్రీషియన్ మాస్టారు ఎలా నిలబెట్టారో చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు. ఆయన మంచితనం గురించి మన ఐటీఐ సంచికలో మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు.

మొదటి వారం ఆయన ఓమ్స్ లా (వోల్టేజీ, కరెంటు, నిరోధాల సూత్రం) ఊసే ఎత్తలేదు. వర్క్‌షాపులో ఓ మూల ప్లైవుడ్ బోర్డు ఉండేది. ముందువైపు స్విచ్చులు, హోల్డర్లు, ఓ ప్లగ్గు. వెనకవైపు రేకు కొట్టి మూసేశారు. ఆ రేకు విప్పి ఏదో ఒకటి పాడుచేసి, మళ్ళీ బిగించి పెట్టేవారు. పైకి బాగానే కనబడుతూ లోపల తెగిన తీగ, వదులైన న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ), తారుమారైన టూ వే స్విచ్చు కనెక్షను. ఇద్దరికి ఒక టెస్ట్ ల్యాంపు (కరెంటు ఉందో లేదో చూసే బల్బు) ఇచ్చి "ఎక్కడ పోయిందో పట్టుకోండి" అనేవారు. ఒకటే షరతు: అనుమానం ఎక్కడ, ఎందుకు అన్నది ముందు నోట్సులో రాయాలి, ఆ తర్వాతే ల్యాంపు పెట్టాలి. రాయకుండా పెట్టినవాడి చేతిలోంచి ల్యాంపు లాగేసుకునేవారు, ఫాల్టు సరిగ్గా దొరికినా సరే.

ఒకసారి బోర్డులో తప్పే కనబడలేదు. స్విచ్చు వేస్తే బల్బు వెలుగుతోంది, ఆపితే ఆరిపోతోంది. అందరం "ఓకే మాస్టారూ" అనేశాం. ఆయన స్విచ్చు ఆపించి, బల్బు తీయించి, హోల్డరులో టెస్టరు పెట్టమన్నారు. టెస్టరు వెలిగింది. స్విచ్చు ఫేజులో, అంటే కరెంటు వచ్చే తీగలో, కాకుండా న్యూట్రల్‌లో వేసి పెట్టారన్నమాట. "ఇప్పుడు మీ అమ్మ స్విచ్చు ఆపేశాను కదా అని బల్బు మార్చడానికి చెయ్యి పెట్టిందనుకోరా" అన్నారు. స్విచ్చు ఎప్పుడూ ఫేజులోనే ఉండాలన్నది ఆ తర్వాత మాలో ఎవడూ బట్టీ పట్టలేదు.

త్రీ ఫేజు మోటారు దగ్గరా అదే పద్ధతి. రెండు ఫేజుల తీగలు అటూ ఇటూ మారిస్తే ఏమవుతుందని అడిగి, ఎవరు ఏం చెప్పారో పేర్లతో సహా బోర్డు మీద రాశారు. కాలిపోతుందని కొందరు, తిరగదని కొందరు, ఏమీ కాదని ఇద్దరు ముగ్గురు. చీపురుపల్లి వైపు నుంచి వచ్చే ఓ కుర్రాడు, క్లాసులో నోరే విప్పనివాడు, మెల్లగా అన్నాడు: "మా బోరుకాడ లైను బాగుచేసినాక మోటారు తిరుగుతాది గానీ నీళ్ళు సన్నగా వచ్చినాయి మాస్టారూ." మాస్టారు సుద్దముక్క వాడి చేతికిచ్చి పక్కకి తప్పుకున్నారు. వాడు పావుగంట చెప్పాడు. తర్వాత మాస్టారు మూడు కిట్‌కాట్ ఫ్యూజులూ (పింగాణీ పట్టుతో లాగి తీసేవి) పీకి జేబులో వేసుకున్నాకే మోటారు మీద చెయ్యి వేయనిచ్చారు. తీగలు మార్చాం. ఫ్యూజులు పెట్టి స్టార్ట్ చేస్తే షాఫ్టు ఎదురు దిశలో తిరిగింది. ఎందుకో అప్పుడు చెప్పలేదు. ఫేజుల వరుస మారితే స్టేటరులో (మోటారులో కదలని భాగంలో) తిరిగే అయస్కాంత క్షేత్రం దిశ కూడా మారుతుందని మర్నాడు చెబుతుంటే, ఎప్పుడూ నిద్రపోయే బెంచీ కూడా మెలకువగా ఉంది. నా లెక్కలో ఆయన కిటుకంతా అదే. ప్రశ్న మాలో పుట్టేదాకా జవాబు చెప్పేవారు కాదు.

లెక్కలూ అంతే. "మీ పొలంలో మోటారు ఎంత?" అని మొదలుపెట్టేవారు. ఐదు హెచ్‌పీ అంటే, హెచ్‌పీకి 746 వాట్ల చొప్పున 3730 వాట్లు, గంటకి దాదాపు మూడు ముప్పావు యూనిట్లు. సైన్సులో మూమెంట్స్ పాఠాన్ని, అంటే ఇరుసుకి రెండువైపులా బరువులు ఎలా తూగుతాయో చెప్పే పాఠాన్ని, విజయనగరం పైడితల్లమ్మ పండగ దాకా ఆపారు. విజయదశమి తర్వాత మంగళవారం సిరిమాను (పూజారిని పైకెత్తి ఊరేగించే పొడవాటి మాను) చూసొచ్చినవాళ్ళం, బుధవారం ఇరుసుకి ఇటెంత పొడవు, అటెంత పొడవు, పైన కూర్చున్న పూజారి బరువుకి కింది చివర ఎంత బరువు కావాలి అని కొట్టుకున్నాం. అమ్మవారి మీద లెక్కలేమిటని ఒకరిద్దరు నొచ్చుకున్నారు కూడా.

గజపతినగరం, నెల్లిమర్ల వైపు బస్సులు రోజూ ఆలస్యమే. తిట్టి లాభం లేదని, మొదటి అరగంట ముందురోజు చేసిన ప్రాక్టికల్ పనులు ఒకరివి ఒకరు చెక్ చేసుకునే పని పెట్టారు. ఆలస్యంగా వచ్చినవాడికి పాఠం పోయేది కాదు, వాడి జాయింటు మీద పక్కవాడి రిమార్కు మాత్రం సిద్ధంగా ఉండేది.

అన్నీ బాగున్నాయని అనను. డ్రాయింగు క్లాసు మాత్రం పరమ బోరు. అక్కడ ఆయన కూడా బోర్డు మీద గీసి "దించుకోండి" అనే రకమే. సింబల్స్ మాకు వచ్చినవి డ్రాయింగు షీటు మీద కాదు, ఫాల్టు బోర్డు దగ్గరే.

అప్రెంటిస్‌షిప్‌కి వెళ్ళినచోట దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పద్ధతి చూశాను. అక్కడ ట్రైనింగంటే ఉదయమంతా నోట్సు చెప్పడం, మధ్యాహ్నం పని జరుగుతుంటే దూరంగా నిలబడి చూడడం. ఆలిండియా ట్రేడ్ టెస్టు ఫస్ట్ క్లాసులో పాసైన కుర్రాళ్ళు డీఓఎల్ స్టార్టరు (మోటారుని నేరుగా లైనుకి కలిపేది) ట్రిప్పయితే రీసెట్ బటన్ నొక్కి నొక్కి వదిలేసేవారు. మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఎందుకు ట్రిప్పయిందో వెతకాలని వాళ్ళకి తట్టేది కాదు. వాళ్ళు తెలివితక్కువ వాళ్ళేమీ కాదు. పాడైన సామాను ఎవరూ వాళ్ళ చేతికి ఇవ్వలేదు, అంతే.

ఇప్పుడు మెయింటెనెన్స్‌లో నా దగ్గరికి వచ్చే కొత్త కుర్రాళ్ళకి ఆయన పద్ధతే వాడుతున్నాను. టైము పడుతుందని పైవాళ్ళ సణుగుడు ఉంటుంది. పడుతుంది మరి. మొదటి రెండు నెలలు ఓర్చుకుంటే రాత్రి షిఫ్టులో నాకు ఫోన్లు తగ్గుతాయి.

ఈ సంచిక చదివే పాత విద్యార్థులకి ఒక మాట. మనలో చాలామంది ఫ్యాక్టరీల్లోనో, సొంత వైండింగ్ షాపుల్లోనో ఉన్నాం. కాలిన కాంటాక్టర్లు, పట్టేసిన ఫ్యాన్లు, పాత స్టార్టర్లు తుక్కు కింద అమ్మేస్తుంటాం. మీ సొంతవైతే, లేదా కంపెనీ అనుమతిస్తే, వాటిని మన వర్క్‌షాపుకి పంపండి. ఎవరు పంపారో చీటీ మీద రాస్తే చాలు. ఏం పాడైందో మాత్రం రాయకండి.