ఉపవాసం ఉండని పండుగ

కడప పిల్లలకు భక్తి అంటే కళ్ళెదుట కనబడేదే: పెద్ద దర్గా ఉరుసు, ఉగాది నాడు దేవుని కడప గుడికి వచ్చే ముస్లిం కుటుంబాలు. అందుకే ఇంటర్ పిల్లలకు నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడ్డ యూదు రచయిత ఎలీ వీజెల్ గురించి చెప్పేటప్పుడు "దేవుణ్ణి నమ్మాడా, మానేశాడా?" అని అడగొద్దు. ఏ ఆచారం ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది అని అడగండి.

వీజెల్ 1928లో రుమేనియాలోని సిగెట్‌లో పుట్టాడు. మతగ్రంథాల చదువే అతని లోకం. 1944 మేలో, ఊరు హంగరీ చేతిలో ఉండగా, యూదులను పశువుల రైలు పెట్టెల్లో కుక్కి నాజీల మృత్యు శిబిరం ఆష్విట్జ్‌కు తరలించారు. తల్లిని, చిన్న చెల్లెలిని అక్కడే చంపేశారు. ఆ ఏడు యూదులు ఉపవాసం ఉండే ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్‌కు అతను ఉపవాసం ఉండలేదు. తండ్రి వద్దన్నాడు, ఇచ్చే కాస్త సూపూ, రొట్టే వదిలితే ప్రాణం నిలవదు. దాంతోపాటు, నోరు విప్పని దేవుడి మీద కోపం. పిల్లలు కోపాన్నే పట్టుకుని ఆకలిని వదిలేస్తారు. అది ఆ కుర్రాడికి అన్యాయం.

ఆ కోపం మనకు కొత్త కాదు. గోల్కొండ చెరలో రామదాసు రాముణ్ణి నిలదీయలేదా? పోలిక మాత్రం అక్కడితో ఆపాలి. రామదాసు విడుదలై ఇల్లు చేరాడు. వీజెల్ తండ్రి 1945లో మరో నాజీ శిబిరం బుకెన్‌వాల్డ్‌లోనే పోయాడు. ఏప్రిల్‌లో బయటపడ్డ కొడుకు ఫ్రాన్స్‌లో అనాథ పిల్లల వసతిగృహం చేరాక మళ్ళీ ప్రార్థన మొదలుపెట్టాడు, దేవుణ్ణి నిలదీయడం మాత్రం మానలేదు.