చలి ఉదయాల్లో గరగరలాడిన కూలింగ్ ఫ్యాను: నా అనుభవం

ఆదిలాబాద్‌లో నేను డీటీపీ పని చేసుకునే గదిలోని డెస్క్‌టాప్ కంప్యూటర్, చలి ముదిరినప్పటి నుంచి ప్రతి ఉదయం ఆన్ చేయగానే గరగరమని పెద్దగా శబ్దం చేయడం మొదలుపెట్టింది. కొన్ని నిమిషాలు గడిచేసరికి ఆ శబ్దం మెల్లగా తగ్గి పూర్తిగా ఆగిపోయేది. ఆ తర్వాత సాయంత్రం వరకు, మధ్యలో రీస్టార్ట్ చేసినా సరే, మళ్లీ వినిపించేది కాదు. బడుల ప్రశ్నపత్రాలు, పెళ్లిళ్ల శుభలేఖలు అన్నీ ఈ ఒక్క యంత్రం మీదే తయారవుతాయి కనుక ఎలాగూ తగ్గిపోతున్నదిలే అని వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

తెలిసినవారిలో ఒకరు ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే డబ్బా) మార్చమన్నారు. ఒక మరమ్మతు దుకాణంవారు యంత్రాన్ని చూడకుండానే, “పాతదైపోయింది సార్, కొత్తది తీసుకోండి” అన్నారు. నాకు మాత్రం శబ్దం వస్తున్న వేళే అన్నిటికన్నా పెద్ద ఆధారంగా కనిపించింది. వైరేదైనా రెక్కలకు తగులుతుంటే ఫ్యాను తిరిగినంతసేపూ చప్పుడు రావాలి. ప్రాసెసర్ వేడెక్కి ఫ్యాను వేగం పెరగడం వల్ల వచ్చే హోరైతే పని ఎక్కువైనప్పుడు రావాలి. ఆన్ చేసిన తొలి కొన్ని సెకన్లు చాలా మదర్‌బోర్డులు (భాగాలన్నీ కలిసే ప్రధాన సర్క్యూట్ పలకలు) ఫ్యాన్లను పూర్తి వేగంతో తిప్పి, ఆ తర్వాత తగ్గిస్తాయి. అది మామూలు విషయమే, పైగా అది ఒకే తీరున వినిపించే గాలి హోరు. నా కంప్యూటర్‌లో వచ్చేది అలాంటిది కాదు, లోహం లోహాన్ని రాస్తున్నట్టుండే గరగర. చల్లగా ఉన్నప్పుడే వచ్చి వేడి తగలగానే పోతున్నది కనుక బేరింగులోని నూనెనే అనుమానించాను.

తక్కువ ధర ఫ్యాన్లలో ఎక్కువగా ఉండేది స్లీవ్ బేరింగు. రెక్కల మధ్యనున్న సన్నని ఇరుసు ఒక చిన్న లోహపు గొట్టంలో తిరుగుతుంది. ఆ రెంటికీ మధ్య పలుచని నూనె పొర ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె కొంత ఆవిరై, కొంత దుమ్ముతో కలిసి చిక్కబడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో మా ఊళ్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపునకు పడిపోవడం తరచూ జరిగేదే కనుక, తెల్లవారేసరికి మిగిలిన ఆ కాస్త నూనె మరింత బిగుసుకుంటుంది. ఇరుసుకు నూనె సరిగా అందక ఫ్యాను అదురుతూ, గొట్టం గోడను కొడుతూ తిరుగుతుంది. లోపల వేడి పుట్టి నూనె పలచబడితే మళ్లీ కుదురుకుంటుంది.

కారణం ఊహకు అందినా, ఏ ఫ్యాను అన్నది తేల్చడమే కష్టమైంది. ప్రాసెసర్ మీద ఒకటి, క్యాబినెట్ వెనుక ఒకటి, ఎస్‌ఎంపీఎస్ లోపల ఒకటి ఉన్నాయి. యంత్రం ఒకసారి వేడెక్కితే శబ్దమే రాదు కనుక పరీక్షకు దొరికేది రోజుకు ఒకే ఒక్క అవకాశం, అదీ ఉదయం తొలిసారి ఆన్ చేసిన ఆ కొద్ది నిమిషాలే. అందుకే ఏ ఉదయం ఏం చూడాలో ముందు రోజు రాత్రే నిర్ణయించుకుని, పక్క రేకు విప్పి ఉంచేవాణ్ని. మొదట క్యాబినెట్ వెనుక ఫ్యాను వైరును మదర్‌బోర్డు నుంచి తీసేసి చూశాను. గరగర అలాగే వచ్చింది. ప్రాసెసర్ ఫ్యాను విషయంలో మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. దాన్ని తీసేసి నడిపితే ప్రాసెసర్ వేడెక్కుతుంది, చాలా మదర్‌బోర్డులు తెర మీద హెచ్చరిక చూపి ఆగిపోతాయి కూడా. లామినేషన్ రోలు అయిపోయాక మిగిలే అట్టగొట్టం ఒక కొసను చెవికి ఆనించి, రెండో కొసను రెక్కలకు తగలకుండా దగ్గరగా పెట్టి విన్నాను. ఎస్‌ఎంపీఎస్ జాలీ దగ్గర గాలి చప్పుడు తప్ప మరేమీ లేదు. ప్రాసెసర్ ఫ్యాను దగ్గరికి రాగానే గరగర నేరుగా చెవిలోనే మోగింది.

ఇక విప్పడం. కంప్యూటర్ ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, లోపల మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకున్నాను. ఏ వైరు ఎక్కడిదో ఫోనులో ఫొటో తీసుకున్నాను. నా యంత్రంలో ఫ్యాను హీట్‌సింక్‌కు (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రేకుల దిమ్మెకు) నాలుగు స్క్రూలతో బిగించి ఉండటం వల్ల హీట్‌సింక్‌ను కదపకుండానే ఫ్యాను ఒక్కటే బయటికి వచ్చింది. హీట్‌సింక్ కదిలితే దానికీ ప్రాసెసర్‌కూ మధ్య వేడిని చేరవేసే పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాయక తప్పదు. హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. దాన్ని బ్రష్షుతోనూ, బ్లోవర్‌తోనూ తీశాను. బ్లోవర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. లేదంటే అది తట్టుకోలేనంత వేగంతో తిరిగి బేరింగు మరింత పాడవుతుంది.

ఫ్యాను వెనుక స్టిక్కర్‌ను గోటితో మెల్లగా లేపితే కింద చిన్న రబ్బరు మూత కనిపించింది. అది తీయగానే ఇరుసు కొస, దాన్ని పట్టి ఉంచే తెల్లని ప్లాస్టిక్ వాషరు, వాటి చుట్టూ కాటుకలా నల్లగా, జిగురుగా మారిన పాత నూనె కనిపించాయి. ఇయర్‌బడ్‌తో ఆ నలుపంతా తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒకటి రెండు చుక్కలు వేసి, రెక్కలను చేత్తో తిప్పుతూ లోపలికి ఇంకనిచ్చాను. నూనె తగిలిన చోట స్టిక్కర్ అంటుకోదు కనుక చుట్టూ పొడిగా తుడిచి, మూత పెట్టి, పైన టేపు వేశాను.

నూనె గురించి ఇంకొక మాట చెప్పాలి. కొబ్బరినూనె వేయమని సలహా ఇచ్చినవారున్నారు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకు దిగువన గడ్డకడుతుంది. చలికాలంలో సీసాను ఎండలో పెట్టి కరిగించుకునే ఊళ్లో దాన్ని బేరింగులో పోస్తే జబ్బును మరింత పెంచినట్టే. వంటనూనెలు కొన్నాళ్లకు జిగురుగా మారతాయి. తుప్పు వదిలించే స్ప్రేలలో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకమే. అది ఉన్న కాస్త నూనెను కూడా కడిగేస్తుంది. కుట్టుమిషన్ నూనె పలుచగా ఉంటుంది, మా చలికి గడ్డకట్టదు.

మరునాటి ఉదయం గరగర లేదు. కొన్ని వారాలు అలాగే సాగింది. ఆ తర్వాత బాగా చలిగా ఉన్న రోజుల్లో సన్నగా మళ్లీ మొదలైంది. ఫ్యాను విప్పి రెక్కల మధ్యభాగాన్ని వేళ్లతో అటూ ఇటూ కదిపితే స్పష్టంగా ఊగింది. అంటే ఇరుసో, గొట్టమో అప్పటికే అరిగిపోయింది. అరిగిన చోటును నూనె పూడ్చలేదు. నూనె వేయడం కొత్త ఫ్యాను వచ్చేదాకా పని ఆగకుండా చూసే ఉపాయమేనని నాకు అక్కడే తేలిపోయింది. హైదరాబాద్ వెళ్తున్న మిత్రునితో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ విడిభాగాల బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి ఫ్యాను తెప్పించుకున్నాను. వెడల్పు 92 మి.మీ., మందం 25 మి.మీ., స్క్రూ రంధ్రాల మధ్య దూరం 82.5 మి.మీ., నాలుగు పిన్నుల కనెక్టరు, బాల్ బేరింగు (ఇరుసు చిన్న గుండ్ల మీద తిరిగే రకం) అని కాగితం మీద రాసిచ్చాను. మూడు పిన్నులదైనా తిరుగుతుంది కానీ, మదర్‌బోర్డు వేగాన్ని చక్కగా తగ్గించి పెంచడానికి నాలుగో పిన్ను కావాలి.

బిగించేటప్పుడు గాలి దిశ చూసుకోవాలి. స్టిక్కరూ, దాన్ని మోసే పుల్లలూ ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. నా హీట్‌సింక్‌కు ఆ వైపే ఆనాలి. పాత ఫ్యాను ఫొటో పక్కన పెట్టుకుని అలాగే బిగించి, వైరు రెక్కలకు తగలకుండా టై వేశాను. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల తెరలో) ఫ్యాను వేగం కనిపిస్తున్నదని చూసుకుని, వేగాన్ని ప్రాసెసర్ వేడిని బట్టి మారేలా పెట్టాను. పెద్ద పుస్తకాన్ని పీడీఎఫ్‌గా మారుస్తూ గమనిస్తే వేడి 70 డిగ్రీలు దాటలేదు.

శబ్దం ఎస్‌ఎంపీఎస్ నుంచే వచ్చి ఉంటే మాత్రం నేను దాన్ని విప్పేవాణ్ని కాను. ప్లగ్గు పీకిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. దాన్ని మొత్తంగా మార్చడమో, ఆ పని తెలిసిన మెకానిక్‌కు అప్పగించడమో చేయాలి.