ఉదయగిరి దారిలో ఒక జిరాక్సు కట్ట

ఉదయగిరి పోదాం రమ్మని మాస్టారు ఫోన్ చేస్తే కోట చూపిస్తారనుకుని బయల్దేరా. నెల్లూరులో కారెక్కేటప్పుడు చూస్తే ఆయన సంచిలో పీచు బ్రష్షు, కాగితాల చుట్ట, అంచులు నలిగిపోయిన జిరాక్సుల కట్ట.

ఆ కట్టే ఆయన జీవితం అనొచ్చు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు అధికారులు నెల్లూరు జిల్లాలో రాళ్ల మీద, రాగి రేకుల మీద చెక్కిన శాసనాల్ని మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి కూడా నెల్లూరులోనే ఉండేవి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయాయి. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పినన్నాళ్లూ సెలవులొస్తే చాలు, ఈయన ఆ పుస్తకం పేజీల జిరాక్సులు పట్టుకుని ఊరూరా తిరిగి పుస్తకంలోని రాయి ఇంకా ఉందా లేదా అని చూసేవారు. పక్కన పెన్సిల్ రాతలు: "ఉంది", "సున్నం కింద ఉంది", "గుడికి మెట్టయింది", "లేదు". "లేదు"లే ఎక్కువ కనపడ్డాయి నాకు.

ఆత్మకూరు దాటాక ఒక ఊళ్లో చెరువు కట్ట పక్కన శాసనం ఉన్న రాయి. పెద్దమనుషుల్ని అడిగి, నకలు తీయడానికి రాయి కడిగి, తడి కాగితం పరిచి బ్రష్షుతో తడుతూ పోయారు, కాగితం అక్షరాల గుంటల్లోకి దిగిపోయేదాకా. తర్వాత గుడ్డ ఉండతో సిరా అద్దితే నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరాలు లేచాయి. నేను గంటసేపు అక్కడే నిలబడిపోయా, ఎండ కూడా తెలీలేదు. కోట లాంటి రక్షిత కట్టడాల్లో మాత్రం అనుమతి లేకుండా ఇలా చేయకూడదు, అక్కడ ఫోటోలే.

ఉదయగిరి కోట ఉన్న కొండ 3,079 అడుగులు, ఎక్కడం గురించి చెప్పడానికేం లేదు, ఆయాసం తప్ప. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటని ఒడిశా గజపతుల నుంచి గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు, ఆ సంగతి హంపి శాసనమే చెబుతుంది. ఆ రాయిని ఎవరో మెట్టుగా వేసుకుని ఉంటే మనకేం తెలిసేది?

పైన మేకలు కాస్తున్న ఒకాయన మమ్మల్ని చూసి, "ఏంది సార్, నిధి కోసమా?" అన్నాడు. ఆయన్ననలేం, గుప్తనిధులంటూ పాత గుళ్లు తవ్వేవాళ్లు ఈ జిల్లాల్లో కొత్తేం కాదు. మాస్టారికి కోపం రాలేదు. పక్కన కూర్చుని బీడీ కాల్చుకోనిచ్చి, రాతలున్న రాళ్లు ఎక్కడెక్కడున్నాయో అడగడం మొదలుపెట్టారు. నాకైతే ఆయన చేసే వాటిల్లో అసలు పని ఇదే అనిపించింది, ఈ రాళ్లు కాపాడమని ఆఫీసులకు రాసే అర్జీల కన్నా. వాగు అవతల ఒకటుందట, పుస్తకంలో లేనిది.

కిందికొచ్చాక చెక్క గరిటెలు కొనుక్కున్నా. వాగు నీళ్లు తగ్గాక మాస్టారు మళ్లీ వెళ్తారట, కాగితాలు మోయడానికి మనిషి కావాలంటున్నారు.