మోర్స్ పరీక్ష లేకుండానే మోర్స్ నేర్చుకున్నాను

నేను హామ్ లైసెన్స్ (సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్లకిచ్చే అనుమతి) తీసుకునే నాటికి మోర్స్, అంటే చుక్కలు, గీతల సంకేతాల పరీక్ష లేదు. 30 మెగాహెర్ట్జ్ కంటే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో పనిచేసే హామ్‌లకి మోర్స్ వచ్చి తీరాలన్న అంతర్జాతీయ నిబంధనని 2003లో జెనీవా రేడియో సదస్సు తీసేసి, ఉంచాలో వద్దో ఏ దేశానికి ఆ దేశమే తేల్చుకోమంది. బ్రిటన్ ఆ ఏడాదే ఎత్తేసింది, అమెరికా 2007లో. అప్పట్నుంచీ మాలాంటివాళ్లకి సీనియర్ల దెప్పుపొడుపు ఒకటి తప్పదు, కష్టపడకుండా లోపలికొచ్చేశారని. ఆ మాటకి రోషం వచ్చి నేర్చుకున్నానంటే బాగుంటుంది గానీ అసలు కారణం నా యాంటెన్నా. పెద్దది కట్టే చోటు లేదు, ఉన్నది పొట్టి తీగ, 5 వాట్ల రిగ్ (రేడియో సెట్టు), దాంతో ఎంత అరిచినా అవతల వినేవాడు లేడు.

ఎస్ఎస్‌బిలో (రేడియోలో గొంతు పంపే పద్ధతి) మాట్లాడితే ఉన్న పవరంతా సుమారు 2,500 హెర్ట్జ్ వెడల్పున పరుచుకుంటుంది, మోర్స్‌కి 150 హెర్ట్జ్ చాలు. వినేవాడు సన్నటి ఫిల్టర్ పెట్టుకుంటే గోల చాలావరకు పోయి సిగ్నల్ మిగులుతుంది. అదే 5 వాట్లు, అదే తీగ, కానీ ఇప్పుడు వినపడుతుంది.

చుక్కలు, గీతల పట్టిక గోడకి అంటించుకోలేదు. కళ్లతో నేర్చుకుంటే, వినేటప్పుడు బుర్ర ఆ పట్టికలో వెతకడం మొదలుపెడుతుంది, ఈలోపు తర్వాతి అక్షరం వెళ్లిపోతుంది. నేను పట్టుకున్నది 1930లలో లుడ్విగ్ కోఖ్ అనే జర్మన్ పరిశోధకుడు చెప్పిన పద్ధతి: మొదటి రోజు నుంచే పూర్తి వేగంతో, కానీ రెండే అక్షరాలు, అవి నూటికి తొంభై పాళ్లు సరిగ్గా వచ్చాకే మూడోది. నిమిషానికి 20 పదాల వేగంతో అక్షరాలు వింటూ, వాటి మధ్య ఖాళీ మాత్రం బాగా పెంచుకున్నాను. తెలిసిన పాట మొదటి గమకంతోనే తెలిసిపోయినట్టు కొన్నాళ్లకి కె, ఆర్ లాంటివి ఆలోచించకుండానే చేతికి వచ్చేశాయి. ఏడిపించినవి హెచ్, 5. ఒకటి నాలుగు చుక్కలు, ఇంకోటి ఐదు, ఆ వేగంలో లెక్కపెట్టడం అయ్యే పని కాదు, చెవికి తేడా తెలిసేదాకా వింటూ ఉండటమే. మధ్యలో ఎన్ని రోజులు విన్నా అంగుళం కదలని దశ ఒకటి వస్తుంది, చాలామంది మానేసేది అక్కడే.

పాత పరీక్ష మీద నాకున్న కోపం కూడా ఇదే. అమెరికాలో కింది స్థాయి లైసెన్సుకి నిమిషానికి 5 పదాలు అడిగేవాళ్లు. అంత నెమ్మదిలో చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూడా పాసైపోవచ్చు, అలా పాసైనవాళ్లు 10 దాటాలంటే మళ్లీ మొదటికి రావాల్సిందే. పైగా మోర్స్ తప్పుగా కొడితే ఎవరికీ ఏమీ కాదు, యాంప్లిఫయర్ ఆపిన వెంటనే, ఇంకా ఛార్జి ఉన్న లోపలి కెపాసిటర్ ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. పరీక్ష గట్టిగా అడగాల్సింది అది, పక్కింటి టీవీలోకి వెళ్లే హార్మోనిక్స్ (మన ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతల దగ్గర పుట్టే అక్కర్లేని సిగ్నల్స్) సంగతి, యాంటెన్నాకి మనిషి ఎంత దూరంలో ఉండాలన్న సంగతి.

ఆపదలో పనికొస్తుంది కదా అంటారు. ఓడలే 1999లో మోర్స్ పక్కన పెట్టాయి. బలహీనమైన సిగ్నల్ వాదన కూడా నేను పైన చెప్పినంత గట్టిది కాదు లెండి, 2017లో వచ్చిన డిజిటల్ పద్ధతి ఎఫ్‌టీ8 చెవికి అసలు అందని సిగ్నల్‌ని కూడా 15 సెకన్ల ముక్కల్లో చదివేస్తుంది. కాకపోతే దానికి కంప్యూటర్ కావాలి, గడియారం సరిగ్గా ఉండాలి, మాట్లాడుకునేది కంప్యూటర్లే. నాకది నచ్చలేదు, అంతే.

మొదటిసారి సీక్యూ (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) కొట్టినప్పుడు చేతికి చెమట, టెన్షన్. జవాబు వచ్చింది, నాకు అందనంత వేగంగా. క్యూఆర్ఎస్ అని పంపాను, నెమ్మదిగా కొట్టమని. ఆ మనిషి వెంటనే నా వేగానికి దిగి, తన పేరు నేను మళ్లీ అడిగితే మళ్లీ కొట్టి, 559 (నా సిగ్నల్ ఎలా అందుతోందో చెప్పే అంకెలు) ఇచ్చి, 73 (శుభాకాంక్షలు) చెప్పి వెళ్లాడు. మోర్స్‌లో అది మామూలు మర్యాదే, ఎదుటివాడి వేగంలోనే జవాబివ్వడం.

ఇప్పుడు నిమిషానికి 18 పదాల దాకా ఇబ్బంది లేదు. మణికట్టు నొప్పి పుట్టి కిందికి నొక్కి కొట్టే మామూలు కీ పక్కన పెట్టి, పక్కలకి నొక్కే ప్యాడిల్‌కి మారాను. కాంటెస్టుల్లో 30కి పైన కొట్టేవాళ్ల కాల్ సైన్ (రేడియోలో వాళ్ల గుర్తింపు) మాత్రం రెండు మూడు సార్లు వింటే గానీ ఇంకా పట్టుకోలేను.