ఫర్మ్‌లో నా వాటా, అన్నయ్య చేతిలో లెక్కలు: నా అనుభవం

మొన్ననే రాజీ పత్రం మీద సంతకాలయ్యాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఆలస్యమైతే బంధుప్రేమ కమ్ముకొచ్చి సగం దాచేస్తాను.

ఫర్మ్‌లో మేం ముగ్గురం: అన్నయ్య, బాబాయి, నేను. నాన్న బతికుండగానే నన్ను భాగస్వామిగా చేర్చి డీడ్‌లో, అంటే భాగస్వామ్య ఒప్పంద పత్రంలో, 30 శాతం రాయించారు. లాభాలు పంచేటప్పుడు మాత్రం ఆ అంకె ఎవరికీ గుర్తొచ్చేది కాదు. ఇక తప్పుకుందామనుకున్నాను. నోటీసు ఇచ్చే ముందే పుస్తకాలు చూసుకోమన్నారు మా లాయరు. 1932 నాటి భాగస్వామ్య చట్టం సెక్షన్ 12 ప్రకారం ఫర్మ్ పుస్తకాలు చూడటానికీ, నకళ్లు తీసుకోవడానికీ ప్రతి భాగస్వామికీ హక్కుంది.

ఆ ధీమాతో ఆఫీసుకెళ్తే, చిన్నప్పటి నుంచి నన్నెరిగిన గుమాస్తా "పెద్దబాబు చెప్పకుండా ఇవ్వలేనమ్మా" అని వచ్చేపోయేవాళ్లు కూర్చునే బల్ల చూపించాడు. నా సొంత ఫర్మ్‌లో! కాసేపటికి అన్నయ్య వచ్చి, బయటివాళ్లు నలుగురూ వింటుండగా, "లెక్కలు నీకెందుకమ్మా, నీకేం లోటు చేశాం?" అన్నాడు. బాబాయి తల కూడా ఎత్తలేదు. ఆడిటర్ దగ్గరికెళ్తే ఇంకో అవమానం: "నా క్లయింటు ఫర్మ్, మీరు కాదు" అన్నారు. బ్యాలెన్స్ షీట్ మీద భాగస్వామిగా నా పేరు ఉంది, ఆయన సంతకమూ ఉంది. కుటుంబ వ్యాపారంలో ఆడిటర్‌ని పెద్దవాళ్లే పెట్టుకున్నారంటే, ఆయన మీవైపు మాట్లాడతాడని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఆ రోజు తిరిగొచ్చి చాలాసేపు ఏడ్చాను. తర్వాత పుస్తకాలడుగుతూ లెటర్ రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. జవాబు రాలేదు, రసీదు మాత్రం తర్వాత బాగా పనికొచ్చింది.

తప్పుకోవడం తేలికే. డీడ్‌లో గడువు లేదు కాబట్టి సెక్షన్ 32 ప్రకారం మిగతా ఇద్దరికీ రాతపూర్వకంగా నోటీసిస్తే సరిపోయింది.

నా వాటా తేల్చాలంటే లెక్కలు కావాలి, అవేమో చూపించరు. ఇది మోసమే, కోర్టుకే వెళ్తానని పట్టుబట్టాను. డీడ్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది (గొడవొస్తే కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలన్న షరతు), కోర్టు మళ్లీ అక్కడికే పంపుతుందన్నారు లాయరు. 2016లో సుప్రీంకోర్టు, హోటల్ నడిపే అన్నదమ్ముల గొడవలోనే, మామూలు మోసం ఆరోపణ ఉన్నంత మాత్రాన ఆర్బిట్రేషన్ ఆగదని చెప్పిందట. ఆర్బిట్రేటర్, అంటే ఆ మధ్యవర్తి, మొదటి విచారణల్లోనే ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 17 కింద పుస్తకాలు తెప్పించారు. పెద్దబాబు అనుమతి అక్కర్లేకపోయింది!

లెడ్జర్లు నేనే కూర్చుని చూశాను. మా లాయరు, వాళ్ల లాయరు ఇద్దరూ దాటేసిన సంగతి నాకు దొరికింది: అన్నయ్య ఇంటి పైఅంతస్తు ఖర్చంతా గోడౌన్ మరమ్మతుల కింద రాసి ఉంది. అది ఆయన డ్రాయింగ్స్‌లోకి, అంటే సొంతానికి వాడుకున్న డబ్బు లెక్కలోకి, మారేసరికి ఆయన గొంతు తగ్గింది. గుడ్‌విల్, అంటే వ్యాపారానికున్న మంచిపేరు విలువ, దగ్గర "పేరు నాన్నది, దానికి వెల ఏమిటి" అన్నాడు. నాన్న నాకూ నాన్నే కదా! పైగా భాగస్వామ్య చట్టం సెక్షన్ 14 గుడ్‌విల్‌ని ఫర్మ్ ఆస్తిలోనే కలిపింది.

సాగదీద్దామని కూడా చూశారు. సెక్షన్ 37 దానికి మందు. లెక్క తేల్చకుండా ఫర్మ్ ఆస్తితో వ్యాపారం నడిపిస్తూ ఉంటే, తప్పుకున్న మనిషి తన వాటాకొచ్చే లాభం అడగొచ్చు, లేదా ఏడాదికి 6 శాతం వడ్డీ అడగొచ్చు. ఏది కావాలో తేల్చుకునేది మనమే. నేను లాభం కావాలన్నాను. ఆ తర్వాతే రాజీ మాట వచ్చింది.

డబ్బు అందింది కదా అని ఊరుకోకండి. బహిరంగ ప్రకటన పడేదాకా, మనం తప్పుకున్నాక ఫర్మ్ చేసే అప్పులకు కూడా బయటివాళ్లు మనల్నీ పట్టుకోవచ్చు. మాది రిజిస్టరైన ఫర్మ్ కాబట్టి సెక్షన్ 72 ప్రకారం రిజిస్ట్రార్‌కి తెలియజేసి, గెజిట్‌లోనూ, స్థానిక భాషా పత్రికలోనూ వేయించాలి. వేయించాను. పేపర్లో అది చూసి బాబాయి ఫోన్ చేసి ఇంటి పరువు తీశావన్నారు. సెక్షన్ 72 చదువుకోమని చెప్పి పెట్టేశాను.