ఎర్రనీటి వెంట కోరంగి దాకా

ఆగస్టు చివర్లో, వరద కాస్త తీశాక ధవళేశ్వరం వెళ్లాం. బ్యారేజీ గేట్ల కింద నీళ్లు ఇంకా ఎర్రగానే దూకుతున్నాయి. ఏడాది పొడుగునా గోదావరి మోసే ఒండ్రులో చాలా భాగం ఈ వానాకాలంలోనే దిగుతుంది. మా బావ ఓ సీసాడు నీళ్లు పట్టాడు.

కోటిపల్లి రేవులో పడవ కోసం కూర్చున్న లంక రైతుని పంట సంగతి అడిగాను. "ఈ యేడు పోయినట్టేనండి. ఒండ్రు పడితే పైయేడు ఎరువు తగ్గుద్ది. ఇసక మేటేసిందంటే మాత్రం దండగేనండి" అన్నాడు. నీటి వడి ఎక్కువున్న చోట ఇసుక, నెమ్మదించిన చోట ఒండ్రు. పక్కపక్క చేలకే ఆ తేడా రావచ్చు.

పైనుంచి రావలసిన మట్టంతా ఇక్కడిదాకా రావడం లేదు. 112 టీఎంసీలకు కట్టిన శ్రీరాంసాగర్ జలాశయం పూడికతో 80 చిల్లరకు పడిపోయింది. ఆ దిగువన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలవబట్టి ఈ ఎరుపైనా మిగిలింది. చేలో చల్లిన యూరియా సంగతి వేరు. అందులోని నత్రజని నీళ్లలో కరిగి మురుగుకాలువల్లోంచి నదిలోకి, సముద్రంలోకి పోతుంది, దాన్ని ఏ గేటూ ఆపదు. భాస్వరం ఎక్కువగా మట్టిని అంటుకునే ఉంటుంది కాబట్టి మట్టితోపాటే ఆగుతుంది. కావలసింది పైన ఆగిపోయి, అక్కర్లేనిది కిందికి జారడం నాకు మింగుడుపడలేదు.

యానాంలో టీ కొట్టు దగ్గర బావ సీసాలో గుప్పెడు ఉప్పు పోశాడు. అప్పటిదాకా తేరుకోని నీళ్లు కోరంగి చేరేసరికి తేటపడ్డాయి. ఉప్పు తగిలితే బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని బరువెక్కి దిగిపోతాయట. గోదావరి పాయ గౌతమి సముద్రపు ఆటుపోటు నీటిని కలిసేచోట జరిగేదీ ఇదే.

కోరంగిలో చెక్కబాట మీద నడుస్తుంటే కింద మడచెట్ల ఊపిరివేళ్లు బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి. అవి నీటి వడిని తగ్గించి ఒండ్రుని పట్టేస్తాయి. కుళ్లిన ఆకు పీతలకీ రొయ్యపిల్లలకీ మేత. చూడ్డానికి పెద్ద అందమేమీ లేదు, వాసన అసలే బాగోదు. నేనైతే గంటసేపు కదల్లేదు.

కాకినాడ దాటి ఉప్పాడ వెళ్దామనుకున్నాం. అక్కడ తీరం ఏళ్లుగా కోసుకుపోతోంది. ఒండ్రు తగ్గడమొక్కటే కారణమనను. కాకినాడకి ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ ఇసుకదిబ్బ సాగి అలల వాటం మారడం కూడా ఉందంటారు. కెరటాలు బీచ్ రోడ్డెక్కేశాయని పోలీసులు ఆపేస్తే, పిఠాపురం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాం.